పెట్టెలో ఎవరున్నారు?

మర్ఫీ రేడియో ప్రకటనలోని పాపాయిని ఎరగనివారు ఒక తరంలో దాదాపు లేరు. బొద్దు బుగ్గలు, నవ్వుమొహం, పెదవి దగ్గర ఆనించుకున్న వేలు. క్యాలెండర్ల మీదా, దుకాణాల గోడల మీదా ఆ బొమ్మే. జనం మనసులో అది ఎంతగా నాటుకుందంటే, 2012లో వచ్చిన హిందీ చిత్రం 'బర్ఫీ'లో కథానాయకుడికి తల్లిదండ్రులు పెట్టిన పేరే మర్ఫీ. మాట రాని అతని నోట అది బర్ఫీ అయింది.

నాకు మాత్రం ఆ బొమ్మను చూసినప్పుడల్లా ఒక సందేహం. నిజమైన రేడియో ఎదుట కూర్చుని, వేలిని అంత బుద్ధిగా పెదవి దగ్గరే ఉంచుకున్న బిడ్డ ఈ దేశంలో ఒక్కరైనా ఉన్నారా? వేలు మొదట మీట మీదికి పోతుంది. అక్కడినుంచి స్టేషన్ల అద్దం మీదికి. ఎవరూ చూడకపోతే వెనక అట్టకున్న చిల్లుల్లోకి. ఈ వ్యాసం ఆ వేళ్ళ గురించి. రేడియో చరిత్ర, టీవీ చరిత్ర చాలామంది రాశారు. వాటిని పాడుచేసినవాళ్ళ చరిత్ర ఎవరో ఒకరు రాయవద్దూ?

తెలుగువారి ఇళ్ళలోకి రేడియో వచ్చింది ఆటవస్తువుగా కాదు, అతిథిగా. హైదరాబాదులో నిజాం కాలపు రేడియో కేంద్రం 1935లో మొదలైంది. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో వచ్చాయి. ఆ రోజుల్లో రేడియో కొనడమంటే చిన్న ఉద్యోగికి నెలల జీతం. కొంటే చాలదు, లైసెన్సు కావాలి. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా రేడియో పెట్టుకోవడమే నేరం. ఏటా తపాలా కచేరీకి వెళ్ళి రుసుము కట్టి, పుస్తకంలో ముద్ర వేయించుకుని రావాలి. 1980లలో ఎత్తివేసేదాకా ఈ తంతు సాగింది. సర్కారువారి ముద్ర ఉన్న వస్తువు మీద పిల్లవాడి చెయ్యి పడితే ఇంటిపెద్దకు గుండె ఆగినంత పని కావడంలో వింత లేదు. అందుకే రేడియో ఎత్తయిన గూటిలో ఉండేది. దానికొక అల్లిక గుడ్డ. మీట తిప్పే అధికారం నాన్నగారిది, ఆయన ఊళ్ళో లేకపోతే పెద్దన్నయ్యది.

ఎంత ఎత్తున పెట్టినా గోడవారగా ఓ కుర్చీ ఉంటుంది కదా. కుర్చీ ఎక్కి వెనకనుంచి చూసిన పిల్లలకు ఏం కనిపించేదో చెప్పుకోవాలి. వాల్వు రేడియోకు వెనకవైపు అట్టలాంటి పలక ఉండేది. లోపలి వేడి పోవడానికి దానికి వరసగా చిల్లులు. ఆ చిల్లుల్లోంచి చూస్తే చీకట్లో నాలుగైదు గాజు బుడ్లు, ఒక్కొక్కదాని లోపల నారింజరంగు వెలుగు. రాత్రిపూట రైల్లోంచి చూసిన పల్లెటూరిలా ఉండేది. ముందువైపు అద్దం మీదేమో సిలోన్, లండన్, ఢిల్లీ అని ఊళ్ళ పేర్లు. లోపల ఊరు కనిపిస్తోంది, ఊళ్ళోంచి మాటలు వినిపిస్తున్నాయి, ఊరి పేరు బయట రాసి ఉంది. అందులో మనుషులున్నారని బిడ్డ అనుకుంటే అది అమాయకత్వమని మనం నవ్వుకుంటాం గానీ, కళ్ళముందున్న సాక్ష్యాన్ని బట్టి చూస్తే అంతకన్నా సబబైన నిర్ణయం మరొకటి లేదు. పైగా మీట నొక్కగానే రేడియో పలకదు. వాల్వుల్లోని తీగలు వేడెక్కి ఎలక్ట్రాన్లు వదలడానికి అరనిమిషం పడుతుంది. లోపలివాళ్ళు నిద్ర లేస్తున్నారన్నమాట!

ఆ పెట్టెలో పిల్లలకోసం కూడా మనుషులుండేవారు. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు 'రేడియో అన్నయ్య', 'రేడియో అక్కయ్య'గా మద్రాసు కేంద్రం నుంచి, తరవాత హైదరాబాదు నుంచి రెండు మూడు తరాల పిల్లలతో మాట్లాడారు. అన్నయ్య, అక్కయ్య అని పిలిపించుకున్నవాళ్ళు పెట్టెలో ఉంటే, వాళ్ళను చూడాలనిపించడం తప్పా?

తప్పు కాదు గానీ ప్రమాదం. ఈ విషయంలో అమ్మల పక్షాన ఒక మాట చెప్పడం న్యాయం. వాల్వు రేడియోలో లోపలి తీగల మీద రెండువందల వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉంటుంది. ఏసీకీ డీసీకీ రెంటికీ పనిచేసేలా చేసిన కొన్ని నమూనాల్లో లోహపు చట్రానికే ఇంటి కరెంటు నేరుగా తగిలి ఉండేది. ప్లగ్గు ఒకవైపు పెడితే ఏమీ కాదు, తిరగేసి పెడితే చట్రం ముట్టుకున్నవాడికి షాకు. మీట కట్టేశాక కూడా కెపాసిటర్లలో కొంత విద్యుత్తు నిలవ ఉండేది. "ముట్టుకుంటే చచ్చిపోతావురా" అన్న కేక అతిశయోక్తి కాదు. కరెంటు రాని పల్లెల్లో బ్యాటరీ రేడియోలుండేవి. వాటికి ఇటుకంత పొడి బ్యాటరీలు కావాలి, అందులోనూ వాల్వుల కోసం తొంభై వోల్టులు. అక్కడ భయం షాకు ఒక్కటే కాదు, ఖర్చు కూడా. పిల్లవాడు ఊరికే మీట తిప్పి వదిలేస్తే ఆ నెల వార్తలకు నీళ్ళు వదులుకోవలసిందే.

ఇదే ప్రశ్న, పెట్టెలో ఎవరున్నారన్నది, మనకన్నా కొంచెం ముందు న్యూయార్కు శివార్లలో ఫార్ రాకవే అనే చోట ఒక ఇంట్లోనూ పుట్టింది. అక్కడ దానికి వేరే సమాధానం దొరికింది కనుక ఆ ఇంటికి ఒకసారి వెళ్ళి రావాలి.

రిచర్డ్ ఫైన్‌మన్ 1918లో పుట్టాడు. 1965లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినవాడు, ఆ సంగతి మీకు తెలుసు. పదకొండు పన్నెండేళ్ళ వయసుకే ఇంట్లో తన గదిలో ఒక ప్రయోగశాల పెట్టుకున్నాడు. ప్రయోగశాల అంటే పాత చెక్కపెట్టెకు అరలు కొట్టించినది. ఒక బ్యాటరీ, కొన్ని దీపాలు, ఒక పొయ్యి. ఆ పొయ్యి మీద బంగాళాదుంపలు వేయించుకుని తినడం కూడా పరిశోధనలో భాగమే. పాత సామాన్ల అమ్మకాల్లో విరిగిపోయిన రేడియోలు చవకగా కొని తెచ్చి విప్పేవాడు. రాత్రి మంచం మీద పడుకుని క్రిస్టల్ రేడియో చెవులకు తగిలించుకుని కథలు వింటూ నిద్రపోయేవాడు. అమ్మానాన్నలు బయటినుంచి ఆలస్యంగా వచ్చి, చప్పుడు చేయకుండా గదిలోకి వెళ్ళి, నిద్రపోతున్న పిల్లవాడి చెవులకున్నవి తీసేవారట. అంతలో ఆ పిల్లవాడు దొంగల గంట ఒకటి కనిపెట్టాడు. తలుపు తెరిస్తే తీగ బ్యాటరీకి తగిలి గంట మోగుతుంది. ఒక రాత్రి తల్లిదండ్రులు మెల్లగా, కొడుకు నిద్ర చెడకూడదని, తలుపు తోశారు. ఇల్లు అదిరిపోయేలా గంట. పిల్లవాడు మంచం మీదనుంచి ఎగిరి గంతేసి, పనిచేసింది పనిచేసిందని కేకలు. మన ఇళ్ళలో అయితే ఆ రాత్రి అంతకన్నా పెద్ద చప్పుడు ఇంకొకటి వినిపించేది.

ఇంకొకసారి ఫోర్డు కారు కాయిలుతో నిప్పురవ్వలు పుట్టించి కాగితాలకు చిల్లులు పెడుతుంటే కాగితం అంటుకుంది. చెత్తబుట్టలో పడేస్తే బుట్ట అంటుకుంది. ఇవతల గదిలో అమ్మ స్నేహితురాళ్ళతో పేకాడుతోంది. పిల్లవాడు చేసిన మొదటి పని మంట ఆర్పడం కాదు, తలుపు వేయడం! పిల్లల శాస్త్రజ్ఞానం ఏ దేశంలోనైనా ఇక్కడే మొదలవుతుంది.

ఆర్థికమాంద్యం రోజులవి. రేడియో పాడైతే దుకాణానికి ఇచ్చే స్తోమత లేనివాళ్ళు తక్కువ డబ్బుకు చేసే ఈ కుర్రవాడిని పిలిచేవారు. ఒకాయన రేడియో మొదట భీకరంగా అరిచి కాసేపటికి సర్దుకునేది. నీకేం తెలుసు అన్నట్టు మాట్లాడుతున్న ఆ పెద్దమనిషి ముందే కుర్రవాడు అటూ ఇటూ పచార్లు చేస్తూ ఆలోచించాడు. వాల్వులు వేడెక్కే వరస తప్పుతోందేమో, ముందుది సిద్ధం కాకుండా వెనకది సిద్ధమైతే అరుపే కదా అనుకున్నాడు. వాల్వులను అటువి ఇటు మార్చి పెట్టాడు. అరుపు పోయింది. ఆ పెద్దమనిషి ఆ రోజునుంచీ ఊరంతా అతని గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఇవన్నీ ఫైన్‌మన్ స్వయంగా చెప్పుకోగా 1985లో పుస్తకంగా వచ్చినవే.

కానీ ఆ ఇంట్లో నాకు బాగా నచ్చినది ఫైన్‌మన్ కాదు, అతని చెల్లెలు జోన్. అన్నకన్నా తొమ్మిదేళ్ళు చిన్నది, 1927లో పుట్టింది. అమెరికాలో అప్పట్లో 'అంకుల్ డాన్' అని ఒక రేడియో మామయ్య ఉండేవాడు, మన రేడియో అన్నయ్యలాగా. పిల్లల పుట్టినరోజులు చదివి, పాటలు పాడేవాడు. రెండు మూడేళ్ళ జోన్‌కు ఆయనంటే ప్రాణం. చెవికి పెట్టుకునే గొట్టంలోకి మాట్లాడితే అది మైకులాగా పనిచేస్తుందని రిచర్డ్ అప్పటికే కనిపెట్టాడు. అతనూ బంధువులమ్మాయీ కలిసి జోన్‌ను కింద రేడియో ముందు కూర్చోబెట్టి, ప్రత్యేక కార్యక్రమం వస్తుందని చెప్పి, పైకి పరిగెత్తి, అంకుల్ డాన్ గొంతుతో కార్యక్రమం మొదలుపెట్టారు. ఫలానా వీధిలో జోన్ అనే మంచి పాప ఉందని చెప్పారు, పాట పాడారు, వాద్యసంగీతం కూడా నోటితోనే వాయించారు. తరవాత ఏమీ ఎరగనట్టు కిందికి దిగి వచ్చి, ఎలా ఉంది కార్యక్రమం అని అడిగారు. బాగుంది గానీ సంగీతం నోటితో ఎందుకు చేశారని అడిగింది జోన్.

పెట్టెలో ఎవరున్నారన్న ప్రశ్నకు నేను విన్న సమాధానాల్లో ఇంతటిది లేదు. పెట్టెను విప్పకుండా, మరతిప్పు పట్టకుండా, మూడేళ్ళయినా నిండని పిల్ల చెవితో విని తేల్చేసింది: పెట్టెలో ఉన్నది మా అన్నయ్య!

ఆ పిల్ల తరవాత అన్నగారి ప్రయోగశాలలో వారానికి కొన్ని సెంట్ల జీతం మీద సహాయకురాలైంది. మీటలు వేయడం, తీయడం ఆమె పని. అన్న స్నేహితులు వచ్చినప్పుడు నిప్పురవ్వల మధ్య వేలు పెట్టి చూపించడం కూడా ఉద్యోగంలో భాగమే. అదే ఇంట్లో, కొడుకు పొగను భరించిన ఆ తల్లే, ఆడవాళ్ళ మెదడుకు శాస్త్రం పట్టదని ఎనిమిదేళ్ళ కూతురికి చెప్పింది. ఆమె చెడ్డ తల్లి కాదు, ఆ కాలం అలాంటిది. పద్నాలుగో పుట్టినరోజుకు అన్న ఇచ్చిన ఖగోళశాస్త్ర గ్రంథంలో ఒక పటం కింద సిసీలియా పేన్-గపాష్కిన్ అనే స్త్రీ పేరు కనబడేదాకా జోన్‌కు ఆ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. ధ్రువజ్యోతుల మీద జీవితమంతా పనిచేసిన జోన్ ఫైన్‌మన్ 2020లో కన్నుమూశారు. ఈ రంగం నాకు వదిలెయ్యి, నువ్వు ముట్టుకోకు అని అన్నతో ఒప్పందం చేసుకుంది కూడా. బాల్యంలో ఆయన సామాను ముట్టుకోనిచ్చినందుకు ప్రతిఫలం కాబోలు.

రేడియో విప్పిన పిల్లల కథల్లో, ఏ భాషలో చదివినా, తొంభై పాళ్ళు మగపిల్లలే. ఆడపిల్లలకు కుతూహలం లేక కాదు. వాళ్ళ చెయ్యి పెట్టె దాకా వెళ్ళకముందే దానికి ఇంకో పని అప్పజెప్పేవారు.

ఇంతకీ ఆ ఇంట్లో ఉన్నదేమిటి, మన ఇళ్ళలో లేనిదేమిటి? తెలివి అంటే నేను ఒప్పుకోను. సరస్వతి అంటే అంత గౌరవం కనుక పిల్లలను ఆడనివ్వలేదన్నదీ ఒప్పుకోను. నాకు తోచినది చాలా నీచమైన కారణం: పాత సామాను. ఫైన్‌మన్ విప్పినవి నాన్న కొత్తగా కొన్న రేడియోలు కావు, ఎవరో పారేసినవి. అతని సమకాలికుడే, టెలివిజనుకు మూలపురుషుల్లో ఒకడైన ఫైలో ఫార్న్స్‌వర్త్ సంగతీ అంతే. కుటుంబం ఐడహోలో ఒక పొలంలో దిగినప్పుడు ఆ ఇంటి అటకమీద పాత సాంకేతిక పత్రికల కట్టలు, పొలంలో మొరాయించే జనరేటరు దొరికాయి. పద్నాలుగేళ్ళకు అతను టీవీని ఊహించాడు, 1927లో నిజం చేశాడు. తుంటరితనానికి కావలసింది తిట్లకు అతీతమైన వస్తువు. మన దగ్గర 1950లలో అలాంటి రేడియో ఎక్కడిది? పాడైనదీ రేడియోయే. బజారులో మెకానిక్కు దాన్ని బతికిస్తాడు, మళ్ళీ పాడైతే మళ్ళీ బతికిస్తాడు, చివరికి ఇంకో రేడియోకు అవయవదానం చేయిస్తాడు. చెత్త పుట్టని దేశంలో పిల్లలకు విప్పడానికి ఏం మిగులుతుంది?

ఈ పరిస్థితిని మార్చింది ట్రాన్సిస్టరు. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో పుట్టింది. 1954లో అమెరికాలో జేబు రేడియో అయింది. 1955లో జపానులో సోనీ చేతికి వచ్చింది. మరో పదేళ్ళకు మన సైకిళ్ళ హ్యాండిళ్ళకు వేలాడింది. దాని ఘనత గురించి చాలా చెబుతారు గానీ పిల్లల తరఫున అసలు ఘనత వేరే. అది రెండు మూడు టార్చిలైటు బ్యాటరీల మీద నడుస్తుంది. వెనక మూత తీసి, తడిచేత్తో ఎక్కడ ముట్టుకున్నా ఏమీ కాదు! చరిత్రలో మొదటిసారి మాట్లాడే పెట్టె ప్రాణం తీయనిదైంది. చవకదైంది. కింద పడి పగిలేదైంది. అంటే చెత్త కావడం నేర్చుకుంది. పగిలిన ట్రాన్సిస్టరులోంచి పిల్లలు మొదట పీక్కునే వస్తువేమిటో ఈ వ్యాసం చదివేవారికి నేను చెప్పక్కరలేదు. స్పీకరు వెనక అయస్కాంతం. ఇసుకలో ఇనపరజను ఏరడం నుంచి మొదలుపెట్టి దానికి వంద ఉద్యోగాలు.

ఆ అయస్కాంతం తరవాతి యుగంలో చేసిన ఘనకార్యం చెప్పేముందు టీవీ దగ్గరికి రావాలి. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో చాలామంది పిల్లలు టీవీని మొదట చూసింది ఇళ్ళలో కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు 'సైట్' అనే ప్రయోగం కింద ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు వచ్చాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. సెట్లు తయారుచేసింది మన హైదరాబాదులోని ఈసీఐఎల్. యాంటెన్నా కోళ్ళగూటికి కొట్టే జల్లెడ తీగతో చేసిన పెద్ద గొడుగు. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ వచ్చాక పట్నం ఇళ్ళలోకి నలుపు తెలుపు టీవీలు వచ్చాయి, చెక్క తలుపులతో, కొన్నిటికి తాళంతో సహా. రేడియో గూటిలో దాక్కుంది, టీవీ ఏకంగా తలుపులు వేసుకుంది. బొమ్మగొట్టం మీద పదివేల వోల్టులకు పైమాటే కనుక ఆ తాళం సబబే.

1982లో రంగులు వచ్చాయి. అప్పుడు మన అయస్కాంతానికి తగిన పని దొరికింది. నలుపు తెలుపు టీవీ దగ్గర అయస్కాంతం పెడితే వార్తలు చదివే ఆమె మొహం సాగి, తీసేయగానే సర్దుకుంటుంది. అది చూసి ధైర్యం తెచ్చుకున్న పిల్లవాడు పక్కింటి రంగుల టీవీ మీద అదే చేశాడు. రంగుల టీవీ తెర వెనక సన్నని చిల్లుల ఉక్కు రేకు ఒకటుంటుంది. ఎరుపుకు ఎరుపు, పచ్చకు పచ్చ అని ఎలక్ట్రాన్లను సరైన చుక్కమీదికి పంపేది అదే. అయస్కాంతం తగిలితే ఆ రేకు తానే అయస్కాంతమైపోతుంది. అయస్కాంతం తీసేసినా తెర మూలన ఊదారంగు మచ్చ పోదు. కట్టేసి పెడితే, అదృష్టం ఉంటే, లోపలి తీగచుట్ట దాన్ని చెరుపుతుంది. లేకపోతే మెకానిక్కు పెద్ద కంకణంలాంటి చుట్టతో వచ్చి దిష్టి తీసినట్టు తెర ముందు తిప్పి పోగొట్టాలి. ఈ వాక్యాలు ఇంత వివరంగా ఎలా రాయగలిగావని అడక్కండి.

అన్నిటికన్నా లోతైన నష్టం చేసింది మాత్రం టేప్ రికార్డరు. ఫిలిప్స్ క్యాసెట్టు 1963 నాటిది. మన మధ్యతరగతి ఇళ్ళలో దాని రాజ్యం 80లలో. ఎర్ర మీట నొక్కితే రికార్డవుతుంది. రికార్డు చేసే తలకు ముందు చెరిపే తల ఒకటి ఉంటుంది, టేపు ముందు దాని మీదుగా నడుస్తుంది. అంటే యంత్రం కొత్త మాట వినడానికి ముందు పాత మాట మరిచిపోతుంది. క్యాసెట్టు అంచున చిన్న ప్లాస్టిక్ రెక్క విరిచేస్తే ఎర్ర మీట దిగదు. కానీ విరిచిన చోట కాగితం కూరితే దిగుతుందని కనిపెట్టని పిల్లవాడు లేడు. మా తాతగారు భాగవత పద్యాలు చదివిన క్యాసెట్టు ఒకటి ఉండేది. గజేంద్రుడు మొసలి నోట చిక్కిన చోట హఠాత్తుగా ఒక ఏడేళ్ళ గొంతు "హలో హలో మైక్ టెస్టింగ్" అంటుంది, తరవాత కుక్కలా మొరుగుతుంది, తరవాత అమ్మ గొంతు దూరంనుంచి అన్నానికి పిలుస్తుంది. నిమిషంన్నర తరవాత గజేంద్రుడు అప్పటికే మోక్షం పొంది ఉంటాడు. రేడియో పాడైతే మెకానిక్కు బాగుచేస్తాడు. ఆ నిమిషంన్నరను ఎవరు బాగుచేస్తారు? తాతగారు పోయి ఎన్నో ఏళ్ళయింది. విచిత్రమేమిటంటే, అమ్మ యవ్వనంలోని గొంతు మా ఇంట్లో ఇంకెక్కడా లేదు. ఆ పిలుపు ఒక్కటే ఉంది, చెరిపిన చోట.

తరవాతి కథ క్లుప్తం. వీసీఆర్ నోట్లో బిస్కెట్లు పెట్టిన తరం ఒకటి. రిమోటు బ్యాటరీలు తీసి దాచిన తరం ఒకటి. ఇప్పుడు చేతిలోది గాజుపలక. మరలు లేవు, మూత లేదు, జిగురుతో అతికించి ఉంటుంది. అయస్కాంతం పెట్టినా తెర చలించదు. లోపల చూడదగిన ఊరేదీ లేదు. 2022 డిసెంబరులో మన ప్రభుత్వం కూడా మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టల్ తెరిచింది. మంచిదే. అది పెద్దవాళ్ళ హక్కు. పిల్లలకు కావలసింది పాడుచేసే హక్కు, దాని కోసం ఏ కార్యాలయమూ లేదు.

అందుకని పిల్లల వేళ్ళలో కుతూహలం ఆరిపోయిందని నేను అనబోయాను. మొన్న మా ఇంట్లో ఏడాదిన్నర పాప ముందు ఫోను పెట్టాం. తెరమీద వాళ్ళ అమ్మమ్మ, సముద్రానికి అవతలినుంచి పిలుస్తోంది. పాప కాసేపు నోట్లో వేలు పెట్టుకుని చూసింది, అచ్చం మర్ఫీ పాపాయిలా. తరవాత ఆ వేలు తీసి, ఫోను తిరగేసి, వెనకవైపు చూసింది.